అమ్మిన నాటి స్థితి

మిక్సీ మూత పట్టలేదు. గొడవంతా అదే.

తాతారావు భార్య పుణ్యవతి ఆ మిక్సీని టౌనులో పరమసంతృప్తి మాల్‌లో కొంది. కోనసీమలో కొబ్బరి పచ్చడి లేకుండా పొద్దుగూకదు. ఇంటికి తెచ్చి, పెట్టె విప్పి, కొబ్బరి ముక్కలూ పచ్చిమిరపకాయలూ వేసి మీట నొక్కింది. మూత అటకెక్కింది. పచ్చడి గోడెక్కింది. రెండోసారి మూత మీద అరచెయ్యి వేసి నొక్కిపట్టింది. చెయ్యి తీస్తే మూత లేస్తుంది. తీయకపోతే చెయ్యి మండుతుంది.

మర్నాడే మొగుడూ పెళ్ళాలు దాన్ని సంచిలో పెట్టుకుని మాల్‌కి వెళ్ళారు. అక్కడ ప్రత్యర్పణ పరిష్కార విభాగం అని ఒకటి ఉంది. వాపసు గది అని రాస్తే జనానికి అర్థమైపోతుందని ఆ పేరు పెట్టారు. జనం తెచ్చిన వస్తువుల్ని మళ్ళీ జనం చేతే ఇంటికి మోయించడం ఆ విభాగం పని. దాని అధిపతి వైజయంతి మేడం. ఆవిడ మిక్సీని చూడలేదు, మూతనీ చూడలేదు. పుణ్యవతిని చూసింది. నలిగిన నేత చీర, హవాయి చెప్పులు, పచ్చిమిరపకాయలకి ఎర్రబడ్డ అరచెయ్యి.

"వస్తువులో లోపం లేదు. వినియోగంలో ఉంది," అంది మేడం. "ఆంటీకి మూత పెట్టడం రాదు."

కౌంటర్లో హేమసుందర్ అనే ఉద్యోగి నవ్వాడు. అతను నవ్వాడు కదా అని వెనక నిలబడ్డవాళ్ళూ నవ్వారు.

పుణ్యవతి కాపురానికి వచ్చిన నాటి నుంచి అన్నం కుండకీ, పులుసు దాకకీ, ఆవకాయ జాడీకీ మూతలు పెడుతూనే ఉంది. ఆ సంగతి అక్కడ చెప్పలేకపోయింది. ఇంటికొచ్చి వీధిలో ఆడవాళ్ళతో చెప్పుకుంది. అదే చేటు తెచ్చింది. కుండకి మూకుడుంటుంది గానీ ఊరి నోటికి మూకుడుండదు. "ఏం వదినా, మూత పెట్టడం వచ్చిందా?" అని కుళాయి దగ్గర అడిగేవాళ్ళు. తమాషాకే. ఆవిడా నవ్వేది. తమాషా రోజూ చేస్తే దాని పేరు తమాషా కాదు.

కార్తీక మాసంలో జ్వరం తగిలి పుణ్యవతి పోయింది. పిల్లలు లేరు. కర్మ తాతారావే చేశాడు. దినం నాడు భోజనాల దగ్గర, సాంబారు బకెట్టు పట్టుకున్న బంధువొకావిడ పక్కావిడతో అంది: "అమృతం లాంటి చెయ్యి పాపం. మిక్సీ మూత పెట్టడం ఒక్కటే రాలేదంట."

తాతారావు విస్తట్లోంచి లేచిపోయాడు.

మిక్సీ మార్చుకోవాలని ఆయనకు లేదు. పచ్చడి చేసే మనిషే పోయాక మంచి మిక్సీ అయితేనేం, చెడ్డదైతేనేం? ఆయనకు కావలసింది ఒక్క మాట. మూత పట్టదు. ఆ మాట మాల్‌వాళ్ళ నోటంట, నలుగురి ముందు రావాలి.

సంచీ భుజాన వేసుకుని బస్సెక్కాడు.

హేమసుందర్ కంప్యూటర్‌లో ఏదో నొక్కి, తాతారావు తలకేసి చూశాడు.

"ఈ మూత పట్టట్లేదు. పెట్టి చూడవయ్యా," అన్నాడు తాతారావు.

"అది తరవాతండి. ముందు స్థితి చూడాలి."

వెనక గోడ మీద పెద్ద అక్షరాలు ఉన్నాయి. అమ్మిన వస్తువు అమ్మిన నాటి స్థితిలో ఉంటేనే వాపసు.

"స్థితికేమొచ్చింది? అమ్మిన్నాడూ పట్టలేదు, ఇయ్యాలా పట్టలేదు. ఒకే స్థితి."

"వస్తువు స్థితి కాదండి. మీ స్థితి." హేమసుందర్ తెర ఇటు తిప్పాడు. "ఇది కొన్న రోజు కెమెరాలో మీ బొమ్మ. ఇందులో జుట్టు ఉంది. ఇప్పుడు లేదు."

"పెళ్ళాం పోయిందయ్యా. కర్మ చేసినోడికి జుట్టెక్కడుంటాది?"

"అది వేరే కాలమ్ అండి. ఇక్కడ ఉంది, లేదు, రెండే ఉన్నాయి."

గొంతులు విని వైజయంతి మేడం అద్దాల గదిలోంచి బయటికి వచ్చింది. కొత్త నిబంధన తనే రాసింది కాబట్టి దాన్ని వివరించే అవకాశం వస్తే ఆవిడ ఎప్పుడూ వదులుకోదు.

"చూడండి తాతారావుగారూ. మన సంస్థ ఇటీవల సంపూర్ణ పూర్వస్థితి విధానాన్ని అమలులోకి తెచ్చింది. వినియోగదారుడు వస్తువు కొనేటప్పుడు సంతోషంగా ఉంటాడు. తిరిగి తెచ్చేటప్పుడు కోపంగా ఉంటాడు. అనగా ఈ మధ్యకాలంలో మారినది ఎవరు? వినియోగదారుడు. మారిన మనిషి దగ్గర్నుంచి మారని వస్తువును స్వీకరించడం సంస్థకు శ్రేయస్కరం కాదు. కావున కొన్నవారు, వారి వెంట ఉన్నవారు, ఆనాటి వాతావరణం, సమస్తమూ యథాతథంగా నెలకొన్న పిమ్మటే వస్తువును పరిశీలనకు తీసుకుంటాము."

"సమస్తం అంటే?"

"ఉదాహరణకు, ఆ రోజు మీ పక్కన ఒక మహిళా సభ్యురాలు ఉన్నారు."

"నా భార్య."

"వారిని వెంటబెట్టుకు రండి."

"చచ్చిపోయిందని ఇప్పుడే చెప్పాను."

మేడం కొంచెం ఆలోచించింది. "శాశ్వతంగానా?"

తాతారావు సంచీ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"అందుబాటులో లేరు, అని రాసుకోండి హేమసుందర్. తాతారావుగారూ, అందుబాటులో లేని సభ్యుల విషయంలో సంస్థే ప్రత్యామ్నాయం సమకూరుస్తుంది. మా వైపు నుంచి ఎటువంటి లోటూ ఉండదు. మీరు మీ వైపు చూసుకోండి. జుట్టుతో రండి."

జుట్టు పెరగడానికి మనిషి చేయాల్సిన పనేమీ లేదు. తాతారావు కొబ్బరి దింపులు చూసుకుంటూ, ఒక పూట వండుకుని రెండు పూటలు తింటూ ఊరుకున్నాడు. దువ్వెన పట్టే పాటి జుట్టు రాగానే మళ్ళీ సంచీ భుజాన వేశాడు.

హేమసుందర్ తలకి మార్కులు వేశాడు. ఆ తరవాత పొట్ట చూశాడు.

"పొట్ట ఏదండి?"

"ఏ పొట్ట?"

"బొమ్మలో ఉందండి. చొక్కా మూడో గుండీ దగ్గర చూడండి, బిగుసుకుని ఉంది. ఇప్పుడు వదులుగా వేలాడుతోంది."

"వండిపెట్టే మనిషి ఉన్నప్పటి పొట్ట అది."

"పైన ఫుడ్ కోర్టు ఉందండి. అక్కడ తినాలి. బయట తిని పెంచిన పొట్ట చెల్లదు."

పంతం మనిషి చేత పథ్యం మానిపిస్తుంది. తాతారావు వారం వారం టౌనుకి వచ్చి, మెట్లెక్కి, నూనె కారే నూడుల్సు, జున్ను కప్పిన రొట్టెలు మింగాడు. పుణ్యవతి చేతి పప్పుచారు పెంచిన పొట్ట వేరు, ఇది వేరు. ఇది గట్టిగా, కోపంగా ఉంది. అయితేనేం, గుండీ బిగిసింది. హేమసుందర్ వేలు దూర్చి చూసి సంతృప్తి చెందాడు.

"ఇంక నవ్వండి," అన్నాడు.

"ఏంటీ?"

"బొమ్మలో నవ్వుతున్నారండి."

తాతారావు నవ్వలేదు. పిల్లల విభాగం నుంచి ఎలుగుబంటి వేషం వేసుకున్నవాణ్ణి పిలిపించారు. వాడు గెంతాడు, పల్టీ కొట్టాడు, ఆయాసంతో కూర్చుండిపోయాడు. తాతారావు వాడికి మంచినీళ్ళు ఇప్పించాడు గానీ నవ్వలేదు. వైజయంతి మేడం ముఖం చిట్లించింది.

"ఇది వినియోగదారుని సహాయనిరాకరణ."

"ఆ రోజు దేనికి నవ్వానో చూపించండి. నవ్వొస్తాదో రాదో తరవాత చూద్దాం."

నిబంధనల్లో దానికి అడ్డు కనబడలేదు. గదిలోకి తీసుకెళ్ళి కెమెరా తిప్పి వేశారు.

శబ్దం లేని బొమ్మ. వాన రోజు. గుమ్మంలో జనం గొడుగులు దులుపుతున్నారు. మిక్సీల బల్ల ముందు పుణ్యవతి నిలబడి ఉంది. గిన్నె కొన్నా, కుండ కొన్నా మూత పెట్టి, వేలి కణుపుతో టకటక కొట్టి చూడందే ఆ వైపు ఆడవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళరు. ఆవిడా అంతే చేసింది. బల్ల మీద నమూనాకి పెట్టిన మిక్సీ గిన్నె తీసుకుని, ఒంటిచేత్తో మూత వేసి, చిటికెలో తిప్పి బిగించి, కణుపుతో కొట్టింది. రెండో చేతిలో గొడుగు అలాగే ఉంది. అమ్మేవాడు ఏదో అన్నాడు. ఆవిడ మొగుడి వైపు తిరిగి పెదవి విరిచింది, వీడు నాకు చెప్పొచ్చాడు అన్నట్టు. తాతారావు నవ్వాడు. ఆ తరవాత అమ్మేవాడు బల్ల కిందనుంచి టేపు అంటించి మూసిన అట్టపెట్టె ఒకటి తీసి చేతికిచ్చాడు.

బొమ్మలో తాతారావు నవ్వినప్పుడు, కుర్చీలో తాతారావు కూడా నవ్వాడు. హేమసుందర్ ఠకీమని ఫొటో తీశాడు.

"వచ్చేసిందండి మేడం! నవ్వు వచ్చేసింది."

"ఇంకోసారి వెయ్యండి," అన్నాడు తాతారావు.

"ఒకసారే అండి. పాలసీ."

తాతారావు తెర వైపే చూస్తూ, "చూశారు కదా మేడం. ఒంటిచేత్తో పెట్టింది. మూత పెట్టడం రానిదెవరికి?" అన్నాడు.

"అది నమూనా," అంది మేడం. "నమూనాకు పట్టడం నమూనా విభాగం విషయం. మనది ప్రత్యర్పణ. తాతారావుగారూ, మీ వైపు స్థితి సంపూర్ణం. అభినందనలు. ఇక పునఃస్థాపన జరుపుకుందాం."

పునఃస్థాపన ముహూర్తం రోహిణి కార్తెలో పడింది. రోళ్ళు పగిలే ఎండ. ఆ రోజు వాన కురిసింది కాబట్టి ఈ రోజూ కురవాలి. మాల్‌వాళ్ళు నీళ్ళ ట్యాంకరు రప్పించారు. గుమ్మం దగ్గర కాపలా ఉండే నూకరాజు చేతికి పైపు ఇచ్చి, ఆకాశం కేసి పట్టుకొమ్మన్నారు. ఎండకి మాడిపోయిన జనం ఆ జల్లు కింద చేరి ఎంతకీ లోపలికి రాలేదు. "వానలో గంతులేయకూడదండీ! ఆ రోజు ఎవరూ గంతులేయలేదండీ!" అని హేమసుందర్ బతిమాలాడు.

ఆనాడు దుకాణంలో ఉన్న వాళ్ళందరికీ కబురు వెళ్ళింది. రాకపోతే వాళ్ళ వస్తువుల వారంటీ రద్దు అన్నారు. అందరూ వచ్చారు. అప్పుడు తల్లి చంకలో ఏడ్చిన పసివాడికి ఇప్పుడు పళ్ళొచ్చాయి. వాడు ఏడవడం లేదు. ఏడిపిద్దామని గిల్లబోయిన హేమసుందర్ వేలు కొరికాడు. ఏడుపైతే గట్టిగానే వినిపించింది. అది ఎవరిదై ఉండాలో నిబంధనలో లేదు కాబట్టి సరిపెట్టుకున్నారు.

మాల్ మేనేజరు చక్రధర్ ఆ రోజుల్లో మిక్సీలు అమ్మేవాడు. తరవాత పెద్దవాడయ్యాడు. పూర్వస్థితి అంటే పూర్వస్థితే. టై విప్పించి, కోటు విప్పించి, ఆయన్ని మిక్సీల బల్ల వెనక నిలబెట్టారు. మేనేజరుగారి గదికి తాళం వేశారు.

"నా పదోన్నతి మాటేంటండి?" అన్నాడు చక్రధర్.

"ఇంకా రాలేదు కదా," అంది వైజయంతి మేడం. "కంగారు పడకండి. కష్టపడి పనిచేస్తే వస్తుంది."

బల్ల మీద నమూనా తీసేసి, తాతారావు తెచ్చిన మిక్సీని పెట్టారు. పరిశీలించాల్సింది దాన్నే కదా అన్నారు.

ఇక ప్రత్యామ్నాయం. చీరల విభాగం నుంచి ప్లాస్టర్ బొమ్మనొకదాన్ని తెచ్చి, నేత చీర కట్టి, చేతికి గొడుగు తగిలించి తాతారావు పక్కన నిలబెట్టారు. బొమ్మకి పిడికెడు నడుము, పెళ్ళికూతురి నవ్వు.

"ఇదెవరు?" అన్నాడు తాతారావు.

"మీ సభ్యురాలు."

"నా సభ్యురాలు నాకేసి చూసేది. ఇది సీలింగు చూస్తోంది."

చూపు సంగతి పక్కన పెట్టినా, చేతి సంగతి పక్కన పెట్టడానికి లేదు. బొమ్మ చెయ్యి ఎవరినో పిలుస్తున్నట్టు గాల్లోకి లేచి ఉంది. మూత ఆ వేళ్ళ మధ్య పెడితే జారి కింద పడింది. మళ్ళీ పెడితే ఈసారి వేలే ఊడింది. కెమెరాలో ఆవిడ మూత పెట్టింది కాబట్టి ఇక్కడా ఎవరో ఒకరు పెట్టాలి. మూత పెట్టకపోతే స్థితి సంపూర్ణం కాదు. ఆడ ఉద్యోగులందర్నీ వరసగా గోడకి నిలబెట్టి, పుణ్యవతి ఎత్తుకి సరిపోయేదెవరో టేపుతో కొలిచారు. పొడుగైన పిల్లలే అందరూ. మాల్‌లో పొట్టివాళ్ళని కౌంటర్లలోకి తీసుకోరు.

ఒక్కరి ఎత్తే సరిపోయింది.

టేపు పట్టుకున్న హేమసుందర్ ఆ సంగతి పైకి అనలేక మేడం వైపు చూస్తూ నిలబడ్డాడు. మేడం తను రాసిన నిబంధనని తెప్పించుకుని చదివింది. మినహాయింపు కోసం వెతికింది. మినహాయింపులు పెడితే జనం వాడుకుంటారని అప్పట్లో తనే ఒక్కటి కూడా పెట్టలేదు.

"సంస్థ కోసం," అని నేత చీర తీసుకుని లోపలికి వెళ్ళింది.

బయటికొచ్చాక జనంలో గుసగుస లేచింది. తాతారావు ఒక అడుగు పక్కకి జరిగాడు.

"జానెడే దూరం ఉండాలండి," అన్నాడు హేమసుందర్.

"ఉండనీ. నా పెళ్ళాం నిలబడ్డ చోట పరాయి ఆడమనిషిని జానెడు దూరంలో నిలబెట్టుకోడానికి నేను మీ మాల్‌లో పుట్టలేదు. ఆవిడ్ని మూత పెట్టి వెళ్ళమను."

వెనక ఒక పెద్దావిడ "అద్గదీ!" అంది. మేడం కూడా అదే మంచిదనుకుంది.

బయట వాన. లోపల హేమసుందర్ ఏడుపు. ఎలుగుబంటి వేషగాడు ఆ రోజు లేడు కాబట్టి వాణ్ణి బయటికి పంపేశారు. సమస్తమూ నెలకొంది. వైజయంతి మేడం ఒక చేత్తో గొడుగు పట్టుకుని, రెండో చేత్తో మూత తీసుకుని గిన్నె మీద పెట్టి తిప్పింది.

మూత జారింది.

మళ్ళీ పెట్టింది. ఒక పక్క కూర్చుంటే ఇంకో పక్క లేచింది. ఆ పక్క నొక్కితే ఈ పక్క లేచింది. పాత తూకంరాళ్ళ త్రాసులాగా ఊగింది తప్ప కుదుటపడలేదు. మేడం గొడుగు కింద పెట్టింది.

"గొడుగు పట్టుకునే ఉండాలండి," అన్నాడు తాతారావు. "యథాతథంగా."

మేడం గొడుగు తీసుకుంది. మూతని అరచేత్తో కొట్టింది. పిడికిలితో గుద్దింది. మోచెయ్యి ఆనించి బరువంతా వేసింది. చెయ్యి తీసేసరికి మూత ఎగిరి చక్రధర్ గుండెల మీద పడింది. జనంలో ఆడవాళ్ళు సలహాలు మొదలుపెట్టారు.

"ఎడమకి తిప్పండి మేడం."

"తడి చెయ్యేమో, తుడుచుకోండి."

"ముందు దాన్ని మంచి చేసుకోవాలండి, మెల్లిగా అనాలి."

చెమట పట్టి, కొంగు జారి, మేడం ఆగిపోయింది. అప్పుడు తాతారావు గొంతు సవరించుకున్నాడు.

"మేడంగారూ. ఇంకేం కావాలండి మీకు? జుట్టు తెచ్చాను, పొట్ట తెచ్చాను, నవ్వు తెచ్చాను. వాన మీరు తెచ్చారు. ఇప్పుడు చెప్పండి. మూత పట్టదు. అంతే. ఆ మాటనండి, నేను పోతాను."

మేడం నోరు తెరిచింది. చక్రధర్ బల్ల వెనకనుంచి ఆపాడు. "మేడం, ఒక్క నిమిషం. ప్రధాన కార్యాలయాన్ని అడగాలి."

మిక్సీలు అమ్మేవాడికి ప్రధాన కార్యాలయంతో మాట్లాడే అధికారం లేదు. మేనేజరుకి ఉంది, కానీ మేనేజరు ఆ రోజు ఇంకా పుట్టలేదు. చివరికి ఫోను మేడమే చేసింది. ఆమె విన్నదే ఎక్కువ, మాట్లాడింది తక్కువ. అవతల గొంతు మాత్రం బల్ల దాకా వినబడుతోంది.

"మూత పట్టదని సంస్థ తరఫున ఎవరూ అనరాదు. అంటే ఆ రకం గిన్నెలు దేశమంతా వాపసు వస్తాయి. గోడౌన్లు చాలవు."

"మరి ఇక్కడ పట్టడం లేదు కదండి..." అంది మేడం.

"పట్టకపోవడానికి కారణాలు రెండే ఉంటాయి. ఒకటి మూత. రెండు పెట్టేవారు. మొదటిది అసంభవం. తక్షణమే ప్రకటన చేయండి."

వైజయంతి మేడం ఫోను పెట్టేసి, కాసేపు మూతకేసి చూసింది. తరవాత మైకు అందుకుంది. ఆవిడ గొంతు మాల్ అంతా, మూడంతస్తుల్లోనూ వినిపించింది.

"గౌరవ వినియోగదారులకు విజ్ఞప్తి. మన సంస్థ విక్రయించిన మిక్సీ మూతలో ఎటువంటి లోపమూ లేదని సమగ్ర పరిశీలనలో తేలినది. లోపము వినియోగములో గలదు." ఆగింది. జారిన కొంగు సర్దుకుంది. "ప్రత్యర్పణ పరిష్కార విభాగాధిపతి అయిన నాకు... మూత పెట్టడం రాదు."

మాల్ గొల్లుమంది. చీరల విభాగం నుంచి ఫుడ్ కోర్టు దాకా నవ్వు పాకింది. "ఏం మేడం, ఇంట్లో వంట ఎవరండి?" అని ఎవరో అరిచారు. హేమసుందర్ కూడా నవ్వబోయి, కట్టు కట్టిన వేలు నోట్లో పెట్టుకున్నాడు. చక్రధర్ ఒక్కడే గంభీరంగా, సంస్థ మేడం కోసం మూతల శిక్షణ తరగతులు ఏర్పాటు చేస్తుందని జనానికి హామీ ఇచ్చాడు.

తాతారావు నవ్వలేదు. తన పెళ్ళాన్ని నవ్వులపాలు చేసిన మనిషి నవ్వులపాలవుతుంటే చూసి సంతోషపడాలని ఆయనకు అనిపించింది. ప్రయత్నించాడు. రాలేదు. జాలి కూడా రాలేదు. మేడం తల వంచుకుని, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"నేనడిగింది ఇది కాదు," అన్నాడు తాతారావు.

"ఇంతకన్నా ఏం కావాలండీ మీకు?" అంది మేడం. ఇప్పుడది మేడం గొంతులా లేదు. "నా అంతట నేను చెప్పుకున్నాను కదా."

"మీకు పెట్టడం వచ్చో రాకో నాకెందుకు? మీరు నేర్చుకుంటే రేపు వస్తాది. మూతకి రాదు. ఆ మాటనండి."

"అనలేను. ఉద్యోగం పోతుంది."

"అయితే ఉంచుకోండి," అన్నాడు తాతారావు. ఉద్యోగాన్ని అన్నాడో, మిక్సీని అన్నాడో ఆవిడకి తెలియలేదు. ఆయన ఖాళీ సంచీ దులిపి మడిచి చంకలో పెట్టుకుని, మిక్సీని బల్ల మీదే వదిలేసి గుమ్మం వైపు నడిచాడు.

చక్రధర్ గబగబా లెక్క వేసుకున్నాడు. వస్తువు వదిలి వెళ్ళిపోయాడంటే దుకాణం వస్తువును తీసుకున్నట్టే. తీసుకుంటే వాపసు ఇచ్చినట్టే. పరమసంతృప్తి మాల్ చరిత్రలో ఇంతవరకు ఒక్క వాపసూ లేదు. ఆ ఘనతకి ఏటా ప్రధాన కార్యాలయం నుంచి వెండి పళ్ళెం వస్తుంది.

"నూకరాజూ! ఆయన మిక్సీ ఆయనకిచ్చెయ్! బస్సెక్కేలోపల ఇచ్చెయ్!"

గుమ్మం దగ్గర వాన కురిపిస్తున్న నూకరాజుకి లోపల జరిగిందేదీ తెలియదు. ట్యాంకరు మోత, నీళ్ళ హోరు. మైకులో ఏం చెప్పారో, ప్రధాన కార్యాలయం ఏమనొద్దందో అతని చెవిన పడలేదు. పైపు పారేసి, లోపలికి ఉరికి, మిక్సీ చంకన పెట్టుకుని, గిన్నె చేత్తో పట్టుకుని, మూత దాని మీద పెట్టి, నీళ్ళోడుతున్న యూనిఫారంతో రోడ్డు మీద పడ్డాడు.

తాతారావు అప్పటికే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలింది. సెంటర్లో లారీలు అడ్డం, నత్తనడక.

"బాబాయ్‌గారోయ్! మీ మిక్సీయండోయ్! మర్చిపోయారండీ!"

తాతారావు వెనక్కి చూడలేదు. కండక్టరు వంగి చూసి, "మీదేనాండి?" అన్నాడు.

"కాదు. షాపోళ్ళది."

నూకరాజు పరుగెత్తాడు. రెండడుగులకోసారి మూత లేచింది. అరచెయ్యి వేసి అదిమాడు. అదిమిన చెయ్యి తీస్తే గానీ మిక్సీ కిందకి జారకుండా పట్టుకోలేడు. తీశాడు. మూత ఎగిరి అరటిపళ్ళ బండి మీద పడింది. తీసుకొచ్చి మళ్ళీ పెట్టాడు. ఈసారి సోడా కొట్టు ముందు పడి దొర్లింది. బజారంతా ఆగి చూస్తోంది. పళ్ళబండివాడు "తిప్పి బిగించవయ్యా!" అని అరిచాడు. నూకరాజు నడిరోడ్డు మీద నిలబడి తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, నేల మీద పెట్టి మోకాలితో నొక్కాడు. అతనికి ఒళ్ళు మండింది. పొద్దుట్నించీ ఎండలో నిలబడి వాన కురిపించిన మనిషి.

మూత చేత్తో పట్టుకుని, బస్సు వెంట పడి, కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బాబాయ్‌గారూ! ఇదేం వస్తువండీ బాబూ! ఈ మూత పట్టట్లేదండీ!"

తాతారావు తల తిప్పాడు. యూనిఫారం చూశాడు. జేబు మీద దారంతో కుట్టిన పరమసంతృప్తి మాల్ అనే అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. కిటికీ అద్దం పూర్తిగా తెరిచాడు.

"వినపళ్ళేదు. గట్టిగా చెప్పు."

నూకరాజు ఊపిరి పీల్చుకుని, బజారు బజారంతా మారుమోగేట్టు కేక పెట్టాడు.

"మూత పట్టదండీ! ఎవరు పెట్టినా పట్టదండీ!"

తాతారావు అద్దం మూసి, కండక్టరు వైపు తిరిగి జేబులో చెయ్యి పెట్టాడు.

"ఊరికి ఒకటి కొట్టు," అన్నాడు.